నాలుగు థ్రెడ్లు, ఒకే క్యాష్ లైను

లాగ్ ఫైళ్లలో పదాలు లెక్కించే సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం నాలుగు థ్రెడ్లతో (ఒకేసారి సాగే పని పాయలతో) నడిపితే, ఒక్క థ్రెడ్డు కన్నా నెమ్మదించింది! ఒకదాని కోసం ఒకటి ఆగేలా చేసే లాకులు లేవు, ఏ థ్రెడ్డు లెక్క దానిదే. రెండు రోజులు అల్గారిథాన్ని అన్యాయంగా అనుమానించాను. చివరికి లైనక్స్‌లోని ‘పెర్ఫ్ సీటూసీ’ అనే పనితీరు పరిశీలన సాధనం దొంగను పట్టించింది.

8 బైట్ల లెక్కలు నాలుగూ పక్కపక్కనే ఉండి, 64 బైట్ల క్యాష్ లైను (ప్రాసెసర్ తన వేగవంతమైన మెమరీలోకి ఒక్కసారిగా తెచ్చుకునే ముక్క) ఒక్కదానిలోనే పడ్డాయి. ప్రాసెసర్లో థ్రెడ్డును నడిపే ఒక కోర్ తన లెక్క పెంచగానే మిగతా కోర్ల దగ్గరున్న ఆ లైను నకళ్లు చెల్లవు, మళ్లీ తెచ్చుకోవాల్సిందే. ఒకే పలకను నలుగురు పిల్లలు లాక్కుంటూ రాసినట్టు.

ప్రతి లెక్కనూ 64 బైట్ల హద్దు దగ్గర మొదలయ్యేలా చేసే ‘అలైనాస్(64)’ తగిలించి, వేర్వేరు లైన్లలోకి విడదీశాను. 32 బైట్లకు బదులు 256 బైట్లు పట్టాయి. ప్రోగ్రాం మాత్రం పరుగందుకుంది. ప్రతి థ్రెడ్డూ స్థానిక చరరాశిలో లెక్కించి, చివర్లో ఒక్కసారే రాస్తే ఈ తంటాయే ఉండేది కాదని తర్వాత తట్టింది.