వారానికో ఇంగ్లిష్ మాట – 7: శాంక్షన్

ముందు కిందటి వారం ఇంటిపని చూద్దాం. ‘ఓవర్‌సైట్’ మీద రెండు వాక్యాలు ఇచ్చాను. ‘కమిటీ ఓవర్‌సైట్‌లో పనులు జరిగాయి’ అంటే పర్యవేక్షణ. ‘ఓవర్‌సైట్ వల్ల మీ పేరు జాబితాలోకి రాలేదు’ అంటే పొరపాటు, చూసుకోకపోవడం. రెండోదానికి కూడా పర్యవేక్షణ అని రాసినవాళ్లు ఆ పాఠం ఇంకోసారి తిరగేయండి. ఎందుకంటే ఈ వారం మాట కూడా ఆ కోవలోదే, అంతకంటే గట్టిది.

శాంక్షన్ మనకు కొత్త మాట కాదు. ఇంగ్లిష్ రాదనేవాళ్లు కూడా ‘లోన్ శాంక్షన్ అయిందా?’ అంటారు. పింఛను శాంక్షన్, సెలవు శాంక్షన్, ఊరికి రోడ్డు శాంక్షన్. అన్నిచోట్లా మంజూరు అనే అర్థం. చిక్కంతా ఇక్కడే వస్తుంది. తెలిసిన మాటే కదా అని డిక్షనరీ తీయం.

నా దగ్గర చదువుకునే డిగ్రీ అమ్మాయి ఒకరోజు ఇంగ్లిష్ పేపర్ తెచ్చి, ‘యూఎస్ శాంక్షన్స్ షిప్పింగ్ కంపెనీ’ అన్న హెడ్డింగ్ మీద వేలు పెట్టింది. ‘సార్, ఈ కంపెనీకి అమెరికా ఎంత శాంక్షన్ చేసింది? కింద ఎక్కడా అమౌంట్ లేదు’ అంది. వార్త మొత్తం రెండుసార్లు చదివిందట పాపం. అమెరికా ఇచ్చింది డబ్బు కాదు, దెబ్బ. ఆ కంపెనీతో ఎవరూ లావాదేవీలు జరపకూడదని ఆంక్ష పెట్టింది.

ఒకే మాటకు మంజూరు, ఆంక్ష అని ఎదురెదురు అర్థాలు ఎలా వచ్చాయి? వేరు లాటిన్‌లో ఉంది. ఒక విషయాన్ని పవిత్రమని, దాటరానిదని శాసించడం అక్కడి మూలార్థం. సెయింట్, శాంక్టిటీ, నేలపట్టు పక్షులకు మనం వాడే శాంక్చువరీ, అన్నీ ఆ కుదురువే. శాసనం ఒక గీత గీస్తుంది. గీతకు లోపలున్నదానికి చట్టం అండ దొరుకుతుంది, అదే మంజూరు. గీత దాటినవాడికి శిక్ష పడుతుంది, అదే ఆంక్ష. ఇలా చూస్తే రెండూ ఒక గీతకు అటూ ఇటూ ఉన్నవే. నాకు ఈ మాట ఇష్టం కావడానికి కారణం ఇదే.

ఇక వాడుక. నామవాచకంగా ఉన్నప్పుడు బహువచనం వస్తే, అంటే ‘శాంక్షన్స్’ అని ఉంటే, దాదాపు ఎప్పుడూ ఆంక్షలే. ముందు ‘ఇంపోజ్’ (విధించు), ‘లిఫ్ట్’ (ఎత్తేయి), ‘ఈజ్’ (సడలించు) లాంటి క్రియ, వెనక ‘ఆన్’ కనిపిస్తాయి. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దండెత్తినప్పుడు నానాజాతి సమితి ఇటలీ మీద విధించినవి శాంక్షన్స్. 1998 మేలో పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత అమెరికా మన దేశం మీద విధించినవీ అవే. ‘శాంక్షన్స్’ అనే మాటలో ‘ఆంక్ష’ వినిపిస్తుంది చూడండి, అలా గుర్తుపెట్టుకోవచ్చు.

ఏకవచనంలో ‘విత్ ద శాంక్షన్ ఆఫ్’ అని వస్తే అనుమతి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్‌లో ఉన్నది ఈ శాంక్షనే. ఉద్యోగి మీద అలాంటి కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే ముందు ప్రభుత్వమో, అతన్ని తొలగించే అధికారం ఉన్నవారో అనుమతి ఇవ్వాలి. ‘శాంక్షన్ రాలేదు’ అని వార్తలో చదివి, శిక్ష పడలేదని అనుకోకండి.

అసలు కష్టం క్రియ దగ్గర. అక్కడ నేను పిల్లలకు చెప్పేది ఒకటే: క్రియ తర్వాత ఏముందో చూడండి. లోను, సెలవు, పోస్టు, నిధులు ఉంటే మంజూరు. దేశం, మనిషి, బ్యాంకు, ఓడ ఉంటే ఆంక్ష. ‘శాంక్షన్డ్ పోస్ట్స్’ మంజూరైన పోస్టులు, ‘శాంక్షన్డ్ ట్యాంకర్’ ఆంక్షలకు గురైన ఓడ. మీరు రాసేటప్పుడు మాత్రం అనుమానం వస్తే ‘అప్రూవ్’ అనో ‘పీనలైజ్’ అనో రాసేయండి. చదివేవాళ్లు తికమక పడరు.

లోన్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. శాంక్షన్ లెటర్ చేతికొస్తే డబ్బు వచ్చినట్టు కాదు. బ్యాంకు ఒప్పుకుందని మాత్రమే దాని అర్థం. డబ్బు విడుదల కావడాన్ని ‘డిస్‌బర్స్‌మెంట్’ అంటారు. ఎడ్యుకేషన్ లోన్ తీసుకునేవాళ్లు ఆ లెటర్‌లోని షరతులు, గడువు తేదీ చదవకుండా సంతకం పెట్టొద్దు.

పలకడం గురించి చిన్న మాట. మనం ‘శాంక్షన్’ అంటాం, నేనూ అలాగే రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో మాట్లాడేటప్పుడు మాత్రం మొదటి అక్షరం ‘స’, ‘శాండ్’ అనకుండా ‘స్యాండ్’ అన్నట్టే. ‘శ’ లాంటి ధ్వని రెండో భాగంలోనే: స్యాంక్‌షన్.

ఈ వారం ఇంటిపని. వీటిలో మంజూరు ఏది, ఆంక్ష ఏది? కారణం కూడా రాయండి.

‘ద కలెక్టర్ శాంక్షన్డ్ టూ బోర్‌వెల్స్.’
‘ద యూఎన్ శాంక్షన్డ్ ద జనరల్.’
‘హీ లెఫ్ట్ హెడ్‌క్వార్టర్స్ వితౌట్ శాంక్షన్.’
‘శాంక్షన్స్ హర్ట్ ఆర్డినరీ పీపుల్ ఫస్ట్.’

వచ్చే వారం ‘టేబుల్’. బల్ల కాదు, క్రియ. మన పార్లమెంటులో ఒక అర్థం, అమెరికాలో దానికి ఎదురర్థం.