జీను లేని స్వారీ – 4వ పాఠం: మోకాళ్ళ బిగువు

పోయిన పాఠంలో ఇరవై అడుగుల ట్రాట్ (నడకకీ పరుగుకీ మధ్య వేగం) ప్రయత్నించమన్నాను. చాలామంది ప్రయత్నించారు, కొందరు పడ్డారు. పడనివాళ్ళేమో తొడలు పట్టేశాయనీ, గుర్రం ఉన్నట్టుండి వేగం పెంచిందనీ, పగ్గాలు లాగినా ఆగలేదనీ రాశారు. ఇద్దరి గుర్రాలు మర్నాడు వీపు మీద చెయ్యి వెయ్యనివ్వలేదట. ఈసారి క్యాంటర్ (ట్రాట్ కన్నా వేగమైన పరుగు) మొదలుపెడదామనుకున్నాను, ఇక అది తర్వాతే. పడడం, తొడలు పట్టెయ్యడం, గుర్రం ఉరకడం మూడూ ఒకే కారణంవల్ల వచ్చినవి. ఆ వీపు నొప్పి మాత్రం నా తప్పు. ఎంతసేపు ఎక్కాలో చెప్పకుండా మిమ్మల్ని ఎక్కించాను. దాని గురించి కింద రాస్తాను.

హెల్మెట్, కళ్ళెం, ఎత్తు పీట మీంచి మెల్లగా ఎక్కడం మీకు వచ్చినవే, వాటి జోలికి పోను.

జారుతున్నట్టు అనిపించగానే ఎవరైనా మోకాళ్ళు బిగిస్తారు. ఇది ఆలోచించి చేసేది కాదు, ఒళ్ళు దానంతటదే చేసేస్తుంది. తడి సబ్బుని గుప్పిట్లో గట్టిగా నొక్కి చూడండి, పైకి తన్నుకొస్తుంది. గుర్రం వీపు పైన సన్నం, కిందికి పోయేకొద్దీ వెడల్పు. అలాంటి దాన్ని మోకాళ్ళతో నొక్కితే మీరు కూడా పైకే పోతారు. మీ కూర్చునే చోటు వీపు నుంచి కాస్త లేస్తుంది. ట్రాట్‌లో కాళ్ళు మూలకి మూల జంటగా పడతాయి, ఎడమ ముందుకాలితో కుడి వెనకకాలు. అలా ఒక్కో జంట నేలని తన్నిన ప్రతిసారీ వీపు పైకొస్తుంది. మీరు గాల్లోంచి కిందికి దిగుతుంటే వీపు పైకొచ్చి తగులుతుంది. దాంతో ఇంకా బిగిస్తారు.

అంతటితో అయిపోతే బాగుండేది. మోకాలు బిగిస్తే పిక్క వెనక్కి పోతుంది, మడమ పైకి లేచి గుర్రం పక్కటెముకలకి తగులుతుంది. ఇన్నేళ్ళుగా దానికి మనం నేర్పిన భాషలో అది ‘పద’ అని. గుర్రం చెప్పినట్టే విని వేగం పెంచింది. అప్పుడు మీరు పగ్గాలు లాగారు. కాలు పొమ్మంటోంది, చెయ్యి ఆగమంటోంది. నోట్లో ఇనుము నొప్పి పుట్టి అది తల ఎత్తేసింది. తల ఎత్తితే వీపు కిందికి కుంగి గట్టిపడుతుంది, కుదుపు రెట్టింపవుతుంది. గుర్రం మొండిదని రాసినవాళ్ళు దయచేసి ఈ పేరా ఇంకోసారి చదవండి. ఈ మాట చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు గుర్రం మీదే జాలి వేస్తుంది.

ఒకరు సామెత గుర్తుచేశారు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుంది కదా, మెత్తగా కూర్చోమంటారేమిటి అని. సామెత చెప్పేది రౌతు మనసు గురించి, మోకాళ్ళ గురించి కాదు. మనసు గట్టిగా ఉండాలి, కాలు మెత్తగా ఉండాలి. జీను లేనప్పుడు మరీ.

మరైతే కాలు ఎలా ఉండాలి? తడి దుప్పటి వేసినట్టు. దుప్పటి దేన్నీ పట్టుకోదు. తన బరువుతో వేలాడుతూ ఎక్కడికక్కడ ఆనుతుంది. తొడ లోపలి భాగం అంతా అలా ఆనాలి. ఆనడం వేరు, నొక్కడం వేరు. గుర్రం నిలబడి ఉండగా రెండు మోకాళ్ళూ వేలెడంత బయటికి తీసి, ఊపిరి వదులుతూ వాటంతటవే పడనివ్వండి. పడ్డ చోటే వాటి చోటు. గుర్రం ఈగని తోలడానికి ఒళ్ళు జాడించినా, పల్లంలోకి దిగుతున్నా, గాలికి సంచి ఎగిరి అది బెదిరినా మోకాళ్ళు మళ్ళీ బిగుస్తాయి. బిగిసిందని తెలిసిన మరుక్షణం ఊపిరి వదలండి. ఊపిరి బిగబట్టి మోకాలు వదలడం ఎవరివల్లా కాదు.

చేతికి ఆధారం కావాలంటే జూలు పట్టుకోండి, మూపుకి కొంచెం ముందు ఒక గుప్పెడు. కొందరు గురువులు ఇది ఒప్పుకోరు. నేను ఇప్పటికీ పట్టుకుంటాను, నా దగ్గర నేర్చుకునేవాళ్ళనీ పట్టుకోమంటాను. జారేటప్పుడు చెయ్యి ఏదో ఒకటి పట్టుకోకుండా ఉండదు. అది పగ్గం కాకపోతే గుర్రం నోరు బతుకుతుంది. జూలు కత్తిరించేసి ఉంటే మెడకి వదులుగా ఒక తోలు పట్టీ కట్టండి.

ఇంత కష్టం ఎందుకు, జీను వేసుకుంటే పోలేదా అని అడిగేవాళ్ళకి ఒక్క విషయం చూపిస్తాను. గుర్రాన్ని నడిపిస్తూ, ఎవరినైనా పగ్గం పట్టుకోమని, కళ్ళు మూసుకోండి. మీ ఎడమ పిరుదు కిందికి దిగి, గుర్రం పొట్ట మీ కుడి కాలి వైపు ఒరుగుతుంది. అంటే ఎడమ వెనకకాలు అప్పుడే గాల్లో ముందుకొస్తోందన్నమాట. తర్వాత కుడి వైపు అలాగే. జీను మీద చాలాకాలం స్వారీ చేసినా నాకు ఇది అందలేదు, ఉత్త వీపు మీద మొదటి వారంలోనే అందింది. గుర్రం బెదరబోయే ముందు దాని వీపు కండ బిగియడం కూడా తొడకే ముందు తెలుస్తుంది. మీరు ఒక పక్కకి వాలి కూర్చునే అలవాటుని జీను దాచేస్తుంది, వీపు దాచదు. పడితే రికాబులో (పాదం పెట్టుకోడానికి జీనుకి వేలాడే కడియంలో) కాలు ఇరుక్కుని ఈడ్చుకుపోయే ప్రమాదమూ లేదు. అలాగని పడే అవకాశం తగ్గిందనుకోకండి, అది పెరిగింది.

ఇప్పుడు గుర్రం సంగతి. జీను లోపల ఉండే గట్టి చట్రం మన బరువుని వెన్నెముకకి రెండు పక్కలా వెడల్పుగా పరుస్తుంది. అది లేకపోతే ఆ బరువు చాలావరకు మనం కూర్చునే రెండు ఎముకల కిందికే చేరుతుంది. గుర్రాల కదలికల మీద పరిశోధన చేసే పశువైద్యురాలు హిలరీ క్లేటన్ బృందం 2013లో ఒత్తిడి కొలిచే పరికరాలతో పోల్చి చూస్తే, జీను లేనప్పుడు ఆనే చోటు తగ్గి, అక్కడి ఒత్తిడి పెరిగింది. జీను తీసేస్తే గుర్రానికి హాయి అనుకోవడం అందుకే తప్పు. నా మొదటి గుర్రం, ముసలి ఆడది, నాకీ పాఠం నేర్పింది. రోజూ గంటసేపు ఎక్కేదాన్ని. ఒకరోజు బ్రష్ వెన్ను పక్కకి రాగానే చెవులు వెనక్కి వాల్చి నడుము కిందికి కుంగదీసింది. నెల రోజులు దాని మీద ఎక్కలేదు.

అప్పటినుంచి నా లెక్క ఇరవై నిమిషాలు, వారానికి రెండు మూడు సార్లు, అందులో ఎక్కువ భాగం నడకే. మూపు కత్తిలా లేచి, వెన్ను ఎముక కనిపించే గుర్రం అయితే అసలు వద్దు. రెండున్నర వేల ఏళ్ళ కిందటి వాడు గ్రీకు సేనాని జెనోఫోన్. వెన్నుకి రెండు పక్కలా కండ లేచి మధ్యలో గాడి పడ్డ వీపు కూర్చోడానికి మెత్తనని ఆయన రాశాడు. అప్పట్లో గ్రీకులకి రికాబులు లేవు, ఆ మాట అనుభవంతో చెప్పినదే.

బేర్‌బ్యాక్ ప్యాడ్‌కి (జీనుకి బదులు వీపు మీద కట్టే మెత్తకి) రికాబులు తగిలించకండి. లోపల చట్రం ఉండదు కాబట్టి ఒక కాలు మీద బరువు వేస్తే మొత్తం పొట్ట కిందికి తిరిగిపోతుంది.

ఇటలీలోని సియెనా ఊళ్ళో జరిగే పాలియో గుర్రప్పందెంలో జాకీలు జీను లేకుండా దౌడు తీస్తారు, మనం ఎందుకు తీయకూడదని ఇంకొకరు అడిగారు. అది మూడు చుట్లు, దాదాపు ఒకటిన్నర నిమిషం. ఆ పందెంలో రౌతు మలుపు దగ్గర పడిపోయినా గుర్రం ముందొస్తే గెలుపే. మీ ఇంట్లోవాళ్ళు అలాంటి గెలుపు కోరుకోరు.

సాధన. వారంపాటు ట్రాట్ లేదు. పగ్గాలు వదులుగా పెట్టి, జూలు పట్టుకుని నడవండి. పగ్గం లాగకుండా, ఊపిరి వదిలి బరువుగా కూర్చోవడంతోనే గుర్రాన్ని ఆపాలి. ఒక స్వారీలో వరసగా పది సార్లు ఆగాలి. తొమ్మిదోసారి పగ్గం లాగితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క. ఇరవై నిమిషాలు దాటితే లెక్క పూర్తికాకపోయినా దిగిపోండి. దిగాక వెన్నుకి రెండు పక్కలా వేళ్ళతో మెల్లగా నొక్కుతూ మూపు నుంచి నడుము దాకా రండి. గుర్రం కుంగినా, తోక విసిరినా, చెవులు వాల్చినా మర్నాడు ఎక్కకండి. పది సార్లు ఆపగలిగినవాళ్ళకే ఐదో పాఠం.