సెఫ్ ట్రేస్‌లో రెప్లికా స్పాన్ మాయమవుతోందా? నెట్‌వర్క్ టీమ్ మీద పడే ముందు ఇది చూడండి

సెఫ్ అంటే డేటాని చాలా సర్వర్ల మీద కాపీలుగా దాచే స్టోరేజ్ సాఫ్ట్‌వేర్. ట్రేస్ అంటే ఒక రిక్వెస్ట్ ఎక్కడెక్కడ తిరిగిందో చూపే రికార్డు, అందులో ఒక్కో అంచె ఒక స్పాన్. సమస్య ఎప్పుడూ ఇలాగే వస్తుంది. బ్లకిన్ (సెఫ్‌లోని ట్రేసింగ్ లైబ్రరీ) ఆన్ చేసి ఎల్‌టీటీఎన్‌జీతో (లినక్స్ ట్రేసర్) రిక్వెస్టులు ట్రేస్ చేస్తుంటారు, మామూలప్పుడు క్లయింట్, ప్రైమరీ ఓఎస్‌డీ (ఓఎస్‌డీ అంటే ఒక డిస్కుని చూసుకునే సెఫ్ ప్రాసెస్, రైట్ ముందు ప్రైమరీకే వస్తుంది), రెప్లికాలు (కాపీలు ఉంచే మిగతా ఓఎస్‌డీలు) అన్నీ వరసగా కనపడతాయి. లోడ్ పెరిగి రైట్లు (డేటా రాసే రిక్వెస్టులు) స్లో అయ్యాక మాత్రం ప్రైమరీ రెప్లికా జవాబు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, రెప్లికా వైపు స్పానే ఉండదు. వెంటనే "ప్యాకెట్ వెళ్లలేదు, స్విచ్ చూడండి" అని టికెట్ పెట్టేస్తారు.

ముందు గడియారాలు చూడండి, దయచేసి. రెప్లికా స్పాన్ ప్రైమరీ కంటే ముందే మొదలైనట్టు ఉంటే అది కచ్చితంగా క్లాక్ గొడవే. సెఫ్ హెల్త్ చెక్ ఓకే అంటోంది కదా అని వదిలేస్తారు, కానీ అందులో గడియారాల చెక్ మానిటర్ల (క్లస్టర్ స్థితిని చూసుకునే ప్రాసెస్‌లు) మధ్య మాత్రమే జరుగుతుంది, ఓఎస్‌డీ హోస్టుల సంగతి దానికి పట్టదు, పైగా దాని హద్దు 0.05 సెకన్లు, అంటే 50 మిల్లీసెకన్లు. ఎస్ఎస్‌డీ మీద రైట్ దానికంటే చాలా ముందే అయిపోతుంది. ప్రతి ఓఎస్‌డీ హోస్టులో క్రోనీసీ ట్రాకింగ్ (గడియారం తేడా చూపే కమాండ్) కొట్టి తేడా ఎంతుందో చూసుకోండి, అంతే.

గడియారాలు సరిగ్గానే ఉండి స్పాన్ అసలే లేకపోతే, నేను చూసిన వాటిలో ఎక్కువసార్లు కారణం ఒకటే: ట్రేసరే ఆ ఈవెంట్లని పారేసింది. ఎల్‌టీటీఎన్‌జీ తక్కువ ఓవర్‌హెడ్‌తో నడిచేదే అందుకు, ఈవెంట్‌ని సీపీయూకి ఒకటి చొప్పున ఉన్న రింగ్ బఫర్‌లో (మెమరీలో మళ్లీ మళ్లీ వాడుకునే చోటు) రాసి వెళ్లిపోతుంది, బఫర్ నిండితే అప్లికేషన్‌ని ఆపదు, కొత్త ఈవెంట్‌ని వదిలేస్తుంది, డిఫాల్ట్ మోడ్ అదే. బఫర్ నిండేదేమో లోడ్ ఎక్కువున్నప్పుడే కాబట్టి మీకు కావాల్సిన స్లో రిక్వెస్టే పోతుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, దీన్ని చాలామంది గమనించరు. బఫర్లు డిఫాల్ట్‌గా యూజర్‌కి ఒక సెట్, ప్రాసెస్‌కి కాదు. ఒక హోస్టులో ఉన్న ఓఎస్‌డీలన్నీ సెఫ్ అనే ఒకే యూజర్ కింద నడుస్తాయి, అంటే అన్నీ అవే బఫర్లు పంచుకుంటాయి, ఒక ఓఎస్‌డీ బిజీ అయి ఈవెంట్లు కుమ్మరిస్తుంటే దాని పక్కన ఏ పాపం ఎరగని ఓఎస్‌డీ ఈవెంట్లు కూడా ఎగిరిపోతాయి. పైగా బఫర్ ఖాళీ చేసే కన్స్యూమర్ డీమన్ ట్రేస్‌ని డిస్కుకి రాయాలి, ఆ ఫోల్డర్ ఓఎస్‌డీల డీబీ, వాల్ (మెటాడేటా, రైట్ లాగ్) ఉన్న ఎస్ఎస్‌డీ మీదే ఉంటే డిస్క్ స్లో అయినప్పుడు డీమన్ కూడా ఆగిపోతుంది.

చెక్ చెయ్యడం నిమిషం పని. ఎల్‌టీటీఎన్‌జీ లిస్ట్ కమాండ్‌కి ట్రేస్ సెషన్ పేరు ఇస్తే ఛానెల్ (ఈవెంట్లు, వాటి బఫర్ల గుంపు) కింద డిస్కార్డెడ్ ఈవెంట్స్ (పారేసినవి) లెక్క వస్తుంది. బేబెల్‌ట్రేస్ (ట్రేస్‌ని చదివి చూపే టూల్) కూడా వార్నింగ్ ఇస్తుంది, కానీ మనవాళ్లు ఎర్రర్ అవుట్‌పుట్‌ని డెవ్ నల్‌కి తోసి (అంటే పారేసి) మిగతాదాన్ని గ్రెప్‌తో వెతుకుతారు, ఇంకెక్కడ కనపడుతుంది? రెండో సాక్ష్యం కావాలంటే రెప్లికా ఓఎస్‌డీలో డంప్ హిస్టారిక్ ఆప్స్ కమాండ్ (ఆప్స్ అంటే ఆపరేషన్లు) కొట్టి చూడండి, డిఫాల్ట్‌గా గత 600 సెకన్లలో బాగా లేటైన 20 ఆప్స్ ఉంచుతుంది. ఆ రైట్ అక్కడ ఉంటే రెప్లికాకి చేరినట్టే, పోయింది ట్రేస్ మాత్రమే.

ఫిక్స్ విషయానికొస్తే, మొదట ఈవెంట్లు తగ్గించండి. ఓఎస్‌డీ వైపు ట్రేస్ ఆల్ (అన్నిటినీ ట్రేస్ చేసే సెట్టింగ్) తీసేసి, ఇబ్బంది ఉన్న ఒక్క క్లయింట్‌లో ఆర్‌బీడీ (సెఫ్ బ్లాక్ డిస్క్) ట్రేస్ ఆల్ పెట్టండి, ఛానెల్‌లో జిప్‌కిన్ ఈవెంట్లు (బ్లకిన్ రాసేవి) మాత్రమే ఎనేబుల్ చెయ్యండి. అప్పటికీ పోతుంటే సబ్‌బఫర్లు (ఒక్కో సీపీయూ రింగ్ బఫర్‌లోని ముక్కలు) పెంచండి, కానీ లెక్క వేసుకుని, 1 ఎంబీ సబ్‌బఫర్లు 8, సీపీయూలు 64 అంటే 512 ఎంబీ. ప్రాసెస్‌కో సెట్ పెట్టుకుంటే 12 ఓఎస్‌డీలకి అదే 6 జీబీ అవుతుంది, కాబట్టి అప్పుడు సైజు తగ్గించాలి. నాకు బాగా నచ్చింది స్నాప్‌షాట్ సెషన్, పాతవాటి మీద రాసుకుంటూ మెమరీలోనే ఉంచుతుంది, స్లో రిక్వెస్ట్ కనపడగానే రికార్డ్ కొడితే అప్పుడే డిస్కుకి రాస్తుంది. కాకపోతే స్లో ఆప్ వార్నింగ్ డిఫాల్ట్‌గా 30 సెకన్లకి గానీ రాదు, అప్పటికి బఫర్ తిరిగిపోయి ఉంటుంది, ఆ టైమ్‌ని ఒకటి రెండు సెకన్లకి తగ్గించుకోండి.

బ్లాకింగ్ టైమవుట్ (బఫర్ నిండితే అప్లికేషన్‌ని ఆపే ఎల్‌టీటీఎన్‌జీ సెట్టింగ్) జోలికి మాత్రం వెళ్లకండి. ట్రేస్ కోసం ఓఎస్‌డీని ఆపితే రిక్వెస్టులు ఇంకా స్లో అవుతాయి, ఆగడం 20 సెకన్లు దాటి హార్ట్‌బీట్లు (ఓఎస్‌డీలు ఒకదానికొకటి పంపుకునే "బతికే ఉన్నాను" సంకేతాలు) పోతే పక్క ఓఎస్‌డీలు దాన్ని డౌన్ అని రిపోర్ట్ చేస్తాయి.

అసలు ఒక్క ఈవెంటూ రాకపోతే అది వేరే కథ, బ్లకిన్ లేకుండా బిల్డ్ అయిన ప్యాకేజీ అయ్యుండొచ్చు, లేదా ఓఎస్‌డీ కంటైనర్‌లో ఉండి హోస్టులోని సెషన్ డీమన్ (ఎల్‌టీటీఎన్‌జీ ట్రేసింగ్‌ని నడిపేది) సాకెట్ దానికి కనపడకపోవచ్చు. ఇవి అరుదు, చూస్తే తెలిసిపోతాయి. మార్చిన తర్వాత అదే లోడ్ మళ్లీ పెట్టి డిస్కార్డెడ్ లెక్క సున్నా వచ్చిందో లేదో చూడండి, సున్నా వచ్చి కూడా రెప్లికా స్పాన్ లేకపోతే అప్పుడు పెట్టండి నెట్‌వర్క్ టీమ్‌కి టికెట్.