ఎడ్యుకేషన్ ఫెయిర్‌కి వెళ్తే స్టాల్ దగ్గర అడగాల్సినవి

ఇంటర్ పరీక్షలయ్యాక విశాఖలో హోటళ్ల హాళ్లలోనూ కన్వెన్షన్ సెంటర్లలోనూ ఎడ్యుకేషన్ ఫెయిర్లు మొదలవుతాయి. పదిహేను ఇంజినీరింగ్ కాలేజీల వాళ్లు ఒకేచోట దొరకడం పెద్ద సౌకర్యమే. కానీ అక్కడికి వెళ్లాల్సింది సీటు కొనడానికి కాదు, ఒకే ప్రశ్నను అందరినీ అడిగి జవాబులు రాసుకోవడానికి.

ముందురోజు కాస్త పని ఉంది. ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో మీ ర్యాంకు, ఇంకా రాకపోతే అంచనా ర్యాంకు దగ్గర పెట్టుకుని, పోయినేడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి మీ కేటగిరీకి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో పట్టికలో చూడండి. అయిదారు కాలేజీలు ఎంచుకోండి. హాలు తెరిచిన మొదటి గంటలోనే ఆ స్టాళ్లు ముగించండి. జనం పెరిగాక కౌన్సెలర్లు కరపత్రం చేతిలో పెట్టి పంపేస్తారు.

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది ప్లేస్‌మెంట్ల అంకె. ఫ్లెక్సీ మీద పెద్దక్షరాల్లో ఉండే హైయెస్ట్ ప్యాకేజీ ఒక్కరిది. సగటును కూడా ఇద్దరు ముగ్గురి భారీ జీతాలు పైకి లాగేస్తాయి. అందుకే మీడియన్ అడగండి: సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చిన జీతం అది. '95 శాతం ప్లేస్‌మెంట్' అంటే ఎంతమందిలో అని అడగండి. చాలాచోట్ల బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిన సబ్జెక్టులు) లేనివాళ్లను, ప్లేస్‌మెంట్‌కి పేరు నమోదు చేసుకున్నవాళ్లనే లెక్కేస్తారు. ఒకే విద్యార్థికి మూడు ఆఫర్లొస్తే మూడుగా చూపేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: 'పోయినేడాది ఈ బ్రాంచిలో ఎంతమంది పాసయ్యారు, వాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో చేరారు?' జవాబు రాకపోతే ఆ సంగతీ రాసుకోండి.

కాలేజీల నాణ్యతను చూసి ఇచ్చే గుర్తింపులు రెండు: న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి, ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచికి. మీ బ్రాంచికి ఎన్‌బీఏ ఉందా, ఏ సంవత్సరం దాకా ఉందని అడగండి. కనీసం రెండు బ్యాచ్‌లు పాసైతేనే ఎన్‌బీఏకి అర్హత కాబట్టి కొత్తగా పెట్టిన ఏఐ, డేటా సైన్స్ లాంటి బ్రాంచీలకు లేకపోవడం తప్పు కాదు. అక్కడ ఫ్యాకల్టీ ఎవరు, ఎన్నేళ్ల నుంచి ఉన్నారన్నది ముఖ్యం.

ఫీజు 'ఏడాదికి ఎంత' అని కాకుండా నాలుగేళ్లకు మొత్తం రాయించుకోండి: ట్యూషన్, హాస్టల్, బస్సు, పరీక్ష, ట్రైనింగ్ ఫీజులన్నీ కలిపి. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా (ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చేవి), మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా (కాలేజీయే నింపుకునేవి). మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఈ తేడా చెప్పకుండానే ఫారం నింపించేస్తుంటారు, అమ్మానాన్నలు దగ్గరుండి చూసుకోవాలి.

'ఈరోజే అడ్వాన్స్ కడితే స్కాలర్‌షిప్' అంటే కట్టకండి. రెండో ఏడాది కూడా ఆ రాయితీ ఉండాలంటే ఎంత సీజీపీఏ (మార్కుల సగటు గ్రేడు) కావాలి, సీటు వదులుకుంటే డబ్బు ఎప్పుడు వెనక్కిస్తారు, ఈ రెండూ మెయిల్లో పంపమనండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఫెయిర్‌కి తీసుకెళ్లనే వద్దు. చేరేటప్పుడు కూడా కాలేజీ వాటిని పరిశీలించి తిరిగివ్వాలే తప్ప దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ నిబంధన. గేటు దగ్గర రాసిచ్చే ఫోన్ నంబరు అన్ని స్టాళ్లకూ వెళ్తుంది కాబట్టి రెండో సిమ్ నంబరు ఇవ్వండి.

ఈ జవాబులన్నీ చూశాక మీ జాబితాలో మిగిలిన రెండు మూడు కాలేజీలకు పనిదినాన వెళ్లండి. గాజువాకలో ఉండేవాళ్లు తగరపువలస వైపు కాలేజీని ఎంచుకుంటే, ఉదయం కాలేజీ బస్సు బయల్దేరే వేళకే ప్రయాణం చేసి చూడండి. అక్కడి క్యాంటీన్లో మూడో ఏడాది పిల్లలతో మాట్లాడండి. ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్‌కి ఎంతమంది కూర్చుంటున్నారో వాళ్లే చెప్తారు.