ఇంజన్ విప్పే ముందు ట్యాంకు చూడండి: లారీ డీజిల్, సర్వీసు సమస్యలు - పరిష్కారాలు

లారీ మొరాయించగానే చాలామంది చూపు ఇంజెక్టర్ల మీదికో, టర్బో మీదికో పోతుంది. అవి ఖరీదైన భాగాలు. విప్పితే బండి రోజుల తరబడి షెడ్డులోనే ఉంటుంది. నిజానికి డీజిల్ బండికి వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు డీజిల్ పోసే దగ్గరో, వాయిదా వేసిన సర్వీసులోనో మొదలవుతాయి. అందుకే పానా పట్టుకునే ముందు మూడు సంగతులు అడగాలి. చివరిసారి డీజిల్ ఎప్పుడు పోశారు? చివరిసారి ఏ ఫిల్టర్, ఏ ఆయిల్ మార్చారు? ఈ ఇబ్బంది ఆ రెండింటిలో దేని తర్వాత మొదలైంది? డ్రైవర్ ఇచ్చే జవాబుతోనే వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

పొద్దున్నే సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు

ముందు సెల్ఫ్ తిరిగే వేగం చూడండి. నీరసంగా తిరుగుతుంటే అది డీజిల్ సమస్య కాదు, బ్యాటరీ సమస్య. 24 వోల్టుల బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా ఉంటాయి. రాత్రంతా ఆగిన బండిలో ఒక్కో బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఒకటి బాగుండి, రెండోది బాగా తక్కువ చూపిస్తే ఆ రెండోదే జతను కిందికి లాగుతోంది. టెర్మినళ్ల మీద తెల్లటి బూజులాంటి పొర ఉంటే వేడినీళ్లతో కడిగి, గీకి, గట్టిగా బిగించి మళ్లీ ప్రయత్నించండి.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే డీజిల్ లైనులో గాలి చేరిందని అనుమానించాలి. దీనికి తేలికైన పరీక్ష ఉంది. సెల్ఫ్ కొట్టక ముందే ఫిల్టర్ దగ్గరి హ్యాండ్ పంపు గట్టిపడేదాకా నొక్కండి. అలా చేసిన రోజు ఇంజన్ వెంటనే అందుకుంటే, చేయని రోజు ఇబ్బంది పెడితే, రాత్రిపూట లైనులోని డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోందని అర్థం. జారిన చోటును గాలి ఆక్రమిస్తుంది.

గాలి ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడం దగ్గరే మెకానిక్కులు కూడా పొరబడతారు. బండి కింద డీజిల్ చుక్క కనబడలేదు కాబట్టి లీకు లేదనుకుంటారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపులో డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది. అక్కడ సన్నని పగులుంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. కాబట్టి చుక్క కోసం కాదు, బుడగల కోసం వెతకాలి. ఫీడ్ పంపుకు వచ్చే చోట కొద్దిసేపు పారదర్శకమైన పైపు ముక్క పెట్టి ఇంజన్ నడిపితే బుడగలు కళ్లకు కనిపిస్తాయి. అక్కడినుంచి ట్యాంకు వైపు ఒక్కో జాయింటూ చూసుకుంటూ పోవాలి. వదులైన క్లిప్పు, రెండోసారి వాడిన రాగి వాషర్, ఫిల్టర్ మార్చినప్పుడు మెలిపడిన రబ్బరు రింగు, చాసిస్‌కు రాసుకుని అరిగిన పైపు: నాకు ఎక్కువగా దొరికినవి ఇవే. వాషర్లు, రింగులు పాతవి తిరిగి వేయొద్దు. ఆ చిన్న పొదుపు తెల్లవారుజామున రోడ్డు మీద ఎంత టెన్షన్ పెడుతుందో అనుభవించినవాళ్లకు తెలుసు.

గాలి తీయడానికి ఫిల్టర్ హెడ్ మీది బ్లీడ్ స్క్రూ కొద్దిగా వదులు చేసి, బుడగల్లేని డీజిల్ వచ్చేదాకా హ్యాండ్ పంపు కొట్టి, డీజిల్ కారుతుండగానే బిగించాలి. కామన్ రైల్ ఇంజన్లలో, అంటే ఒకే ఉమ్మడి గొట్టంలోంచి అన్ని ఇంజెక్టర్లకూ ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే కొత్త రకం ఇంజన్లలో, అక్కడితో ఆగాలి. పాత బండ్లలో చేసినట్టు ఇంజెక్టర్ పైపుల నట్లు వదులు చేయకూడదు. ఆ పైపుల్లో 1,600 బార్ దాటిన ఒత్తిడి ఉంటుంది, లారీ టైరులో ఉండే దానికి సుమారు 200 రెట్లు. సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి, ధార తగిలిందని డాక్టరుకు చెప్పాలి.

కొత్త ఫిల్టర్ వేసేటప్పుడు ఇంకో అలవాటు మానుకోవాలి. క్యాన్‌లోని డీజిల్‌ను నేరుగా రెండో ఫిల్టర్‌లో, అంటే హై ప్రెషర్ పంపుకు ముందుండే చివరి ఫిల్టర్‌లో నింపి బిగిస్తారు, గాలి తీసే పని తగ్గుతుందని. మధ్య రంధ్రంలో పోసిన డీజిల్ వడకట్టకుండానే హై ప్రెషర్ పంపులోకి పోతుంది. ఖాళీ ఫిల్టర్ బిగించి, హ్యాండ్ పంపుతో నింపడమే సరైన పద్ధతి.

డీజిల్ పోయించాక కొంత దూరం బాగానే నడిచి, తర్వాత కుదుపులు, పికప్ లేకపోవడం

నీళ్లు, లేదా మురికి. డీజిల్‌లోంచి నీళ్లను వేరుచేసే వాటర్ సెపరేటర్ కింది స్క్రూ తిప్పి, శుభ్రమైన గాజు సీసాలోకి పావు లీటరు దించండి. పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లు డీజిల్ కంటే బరువు కాబట్టి అడుగున విడిగా నిలుస్తాయి, మధ్యలో గీత స్పష్టంగా కనిపిస్తుంది. నీళ్లు కనబడితే రావడం ఆగేదాకా దించండి. మళ్లీ 100 కిలోమీటర్లకే అంతే నీళ్లు వస్తుంటే సమస్య ట్యాంకు అడుగున ఉంది. ట్యాంకు డ్రెయిన్ ప్లగ్ విప్పి అడుగు నీళ్లు తీసేసి, ఫిల్టర్లు రెండూ మార్చాలి.

నీళ్లు ఎప్పుడూ బంకు నుంచే రావు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో మిగతా సగం గాలే. రాత్రి చల్లబడినప్పుడు ఆ గాలిలోని తేమ ట్యాంకు గోడలకు చెమ్మగా పట్టి కిందికి జారుతుంది. రోజూ కొంచెం కొంచెంగా చేరి, ఓ నెలలో సెపరేటర్ దీపం వెలిగిస్తుంది. బండి ఆపే ముందు సాయంత్రమే ట్యాంకు నింపుకోవడం దీనికి మంచి మందు. అలాగని మూత దాకా నింపొద్దు. వేడికి డీజిల్ ఉబ్బుతుంది: 300 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 5 లీటర్లు పెరుగుతుంది. నాజిల్ తనంతట తాను ఆగిన చోట ఆపేయండి.

ఫిల్టర్ విప్పినప్పుడు నల్లటి జిగురు కనిపిస్తే అది మామూలు మురికి కాదు. నీళ్లూ డీజిల్ కలిసే గీత దగ్గర సూక్ష్మజీవులు పెరిగి చేసే పని అది. దానికి ఫిల్టర్ మార్చడం ఒక్కటే సరిపోదు. ట్యాంకు దించి లోపల కడిగించి, సూక్ష్మజీవులను చంపే మందు దాని డబ్బా మీద రాసిన మోతాదులో కలపాలి. కడగకుండా మందు పోస్తే చచ్చిన జిగురంతా ఊడి వచ్చి కొత్త ఫిల్టర్లను కూడా మూసేస్తుంది.

ఇలాంటిదే ఇంకో లక్షణం ఉంది, దీన్ని పట్టుకోలేక అనవసరంగా ఫీడ్ పంపు మార్చినవాళ్లను చూశాను. బండి గంటో రెండు గంటలో బాగా నడుస్తుంది, తర్వాత లాగడం మానేసి ఆగిపోతుంది. కాసేపు ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఆగిన వెంటనే ట్యాంకు మూత తిప్పి చూడండి. లోపలికి గాలి పీల్చుకున్న చప్పుడు వస్తే ట్యాంకుకు గాలి పోయే రంధ్రం మూసుకుపోయింది. డీజిల్ తగ్గుతున్నకొద్దీ ఆ చోటికి గాలి రావాలి. రాకపోతే పంపు ఎంత పీల్చినా డీజిల్ కదలదు. మూతనో, బ్రీదర్ పైపునో శుభ్రం చేస్తే సరిపోతుంది.

పొరపాటున వేరేది పోశారు

డీజిల్ ట్యాంకులో పెట్రోల్ పడితే తాళం చెవి కూడా తిప్పొద్దు. కొన్ని బండ్లలో తాళం ఆన్ చేయగానే ఎలక్ట్రిక్ పంపు తిరగడం మొదలుపెట్టి పెట్రోల్‌ను లైనులోకి పంపిస్తుంది. హై ప్రెషర్ పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన. పెట్రోల్‌కు ఆ జిడ్డు లేదు, లోహం లోహానికి రాసుకుని రజను రాలుతుంది, ఆ రజను ఇంజెక్టర్లదాకా పోతుంది. ‘కొంచెమే కదా, డీజిల్ కలిపితే సరిపోతుంది’ అని ఎవరు చెప్పినా వినొద్దు. బండిని తోసి పక్కకు పెట్టి, ట్యాంకు పూర్తిగా దించాలి. దించేటప్పుడు దగ్గర నిప్పు ఉండకూడదు, ఎందుకంటే పెట్రోల్ కలిసిన డీజిల్ నుంచి వచ్చే ఆవిరి మామూలు వేడికే అంటుకుంటుంది.

డీజిల్ ట్యాంకులో డెఫ్, అంటే పొగను శుద్ధి చేయడానికి విడి ట్యాంకులో పోసే, డ్రైవర్లు యూరియా అని పిలిచే ద్రవం పడినా ఇదే నియమం. డెఫ్‌లో 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. డీజిల్ లైనులో అది తుప్పు పట్టిస్తుంది, గడ్డకట్టి ఇంజెక్టర్లను పాడుచేస్తుంది. డెఫ్ ట్యాంకులో డీజిల్ పడితే డీజిల్ పైన తేలుతుంది, అక్కడి రబ్బరు సీళ్లను ఉబ్బిస్తుంది. ఏది దేనిలో పడినా తాళం తిప్పకపోవడమే సగం వైద్యం.

డెఫ్ నాణ్యత హెచ్చరిక వెలిగితే ముందుగా క్యాన్ చూడండి. ఎండలో నెలల తరబడి నిలవ ఉన్న డెఫ్ చెడిపోతుంది. మూత దగ్గర తెల్లటి స్ఫటికాలు కనిపిస్తే గోరువెచ్చని శుభ్రమైన నీళ్లతో తుడవండి. డీజిల్ పోసిన గరాటు దీనికి వాడొద్దు. 100 లీటర్ల డీజిల్‌కు మామూలుగా 3 నుంచి 6 లీటర్ల డెఫ్ ఖర్చవుతుంది. అసలు తగ్గడమే లేదంటే సంతోషించాల్సిన పని లేదు, డెఫ్‌ను చిమ్మే డోసింగ్ నాజిల్ మూసుకుపోయి ఉండవచ్చు.

నల్ల పొగ, బండి చడావు ఎక్కడం లేదు

నల్ల పొగ అంటే డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదు. ఎయిర్ ఫిల్టర్ మొదటి అనుమానం. దాని డబ్బా మీద ఎరుపు గుర్తు చూపే సూచిక ఉంటే దాన్నే నమ్మండి. రోజూ ఫిల్టర్ తీసి దులపడం మంచిదని కొందరి నమ్మకం, కానీ తీసి పెట్టిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రమైన వైపుకు జారుతుంది, సీలు వదులవుతుంది. కంప్రెసర్ గాలి దగ్గరగా పెట్టి కొడితే కాగితానికి కంటికి కనబడని చిల్లులు పడతాయి. ఆ చిల్లుల్లోంచి పోయిన దుమ్ము టర్బో రెక్కలనూ, పిస్టన్ రింగులనూ తినేస్తుంది. ఫిల్టర్ బాగుంటే టర్బో నుంచి ఇంటర్‌కూలర్ దాకా ఉన్న రబ్బరు పైపులు చూడండి. చీలిక దగ్గర నూనె మసి పట్టి ఉంటుంది, యాక్సిలేటర్ తొక్కితే ఈల వినిపిస్తుంది.

నీలి పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. చల్లటి ఉదయం కాసేపు తెల్ల పొగ మామూలే, వేడెక్కాక కూడా వస్తుంటే, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ చూపించాలి.

డిప్ స్టిక్ మీద ఆయిల్ తగ్గకపోగా పెరిగింది

ఇది మంచి లక్షణం అనుకుని వదిలేసేవాళ్లున్నారు, అందుకే దీని గురించి నాకు ఎక్కువ భయం. ఇంజన్‌లో ఆయిల్ తనంతట తాను పెరగదు, ఏదో వచ్చి కలుస్తోంది. సమంగా ఉన్న నేల మీద బండి ఆపి, పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే కూలెంట్ కలిసింది. పలుచబడి డీజిల్ వాసన వస్తే డీజిల్ కలిసింది. కారే ఇంజెక్టర్ ఒక కారణం. పొగ ఫిల్టర్, అంటే డీపీఎఫ్ ఉన్న బండ్లలో ఇంకో కారణం ఉంది: ఫిల్టర్‌లోని మసిని కాల్చడానికి ఇంజన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది. ఆ పని సగంలో ఉండగా మళ్లీ మళ్లీ ఇంజన్ ఆపేస్తే, కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి జారుతుంది. డీపీఎఫ్ దీపం వెలిగినప్పుడు ఆ ప్రక్రియను పూర్తికానివ్వండి. పలుచబడిన ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు పోతాయి కాబట్టి, కారణం సరిచేసి ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చాకే లోడు ఎత్తాలి.

మైలేజీ పడిపోయింది

ముందు నిజంగా పడిందో లేదో తేల్చుకోండి. మీటరు ముల్లును నమ్మొద్దు. ఒకే బంకులో, బండి ఒకే తీరుగా నిలబెట్టి, నాజిల్ తనంతట తాను ఆగేదాకా నింపండి. మళ్లీ అలాగే నింపినప్పుడు పోసిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. కనీసం మూడు సార్లు చేస్తే గానీ లెక్క నిలకడగా రాదు.

పడిందని తేలితే చల్లగా ఉన్నప్పుడు టైర్ల గాలి కొలవండి. జంట టైర్లలో లోపలిదాన్ని వదిలేయొద్దు, ఎక్కువసార్లు తగ్గేది అదే. తర్వాత బ్రేకు ఎక్కువ వాడకుండా 20 కిలోమీటర్లు నడిపి ఆపి, చేతి వెనక భాగాన్ని ఒక్కో హబ్ దగ్గరికి తీసుకెళ్లండి, తాకొద్దు. మిగతావాటికంటే ఒకటి బాగా సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టుకుని ఉంది, లేదా బేరింగు పాడైంది. బ్రేకు అడ్జస్టర్ గానీ, తిరిగి రాని బ్రేకు ఛాంబర్ గానీ చూపించాలి. నిలబెట్టి ఇంజన్ నడిపించడాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. పెద్ద లారీ ఊరికే నడిచినా గంటకు 2 నుంచి 3 లీటర్లు తాగుతుంది.

ఎయిర్ ట్యాంకు నుంచి నీళ్లు, నూనె

బ్రేకులకు గాలి నిలవ ఉండే ఈ ట్యాంకు డ్రెయిన్ తీసినప్పుడు కొద్దిగా తేమ వస్తే సహజం. నీళ్లు ధారగా వస్తే ఎయిర్ డ్రయర్ కార్ట్రిడ్జ్ పని అయిపోయింది, మార్చాలి. నల్లటి నూనె వస్తే కంప్రెసర్ ఆయిల్ పంపుతోంది. కార్ట్రిడ్జ్ మాత్రమే మార్చి ఊరుకుంటే కొద్ది వారాల్లో అదీ పాడవుతుంది. బ్రేకు వాల్వుల్లోకి ఆ నూనె చేరితే రబ్బరు ఉబ్బి బ్రేకు వదలదు, కాబట్టి దీన్ని వాయిదా వేయకూడదు.

సర్వీసు టైముకే చేయించినా ఆయిల్ ముందే పాడవుతోంది

కిలోమీటర్లు మాత్రమే లెక్కపెడుతున్నారేమో చూడండి. సగటున గంటకు 40 కిలోమీటర్లు నడిచే బండికి 20,000 కిలోమీటర్లంటే 500 గంటల పని. ట్రాఫిక్‌లో, లోడింగ్ క్యూల్లో నడుస్తూ సగటు 20కి పడితే అవే కిలోమీటర్లకు ఇంజన్ 1,000 గంటలు తిరిగినట్టు. ఆయిల్‌కు తెలిసేది గంటలే. మాన్యువల్‌లో కిలోమీటర్లు, గంటలు, నెలలు మూడూ రాసి ఉంటే ముందు ఏది వస్తే అప్పుడే మార్చాలి. డీపీఎఫ్ ఉన్న బండికి మాన్యువల్ చెప్పిన తక్కువ బూడిద రకం ఆయిలే పోయాలి.

గ్రీజుకు కూడా ఇదే లెక్క, పైగా వాన, బురద ఉన్న దారుల్లో ఇంకా ముందే కొట్టాలి. కింగ్ పిన్, కమాన్ పిన్నులు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులు: పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనబడేదాకా కొట్టించండి. ఒక నిపుల్‌లోకి గ్రీజు పోకపోతే దాన్ని వదిలేసి పక్కదానికి పోతారు కొందరు కుర్రాళ్లు. అప్పుడే ఆ నిపుల్ మార్పించండి. చక్రం విప్పిన ఏ పనైనా చేయించి ఉంటే 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్య ఆగి, టార్క్ రెంచితో నట్లు మళ్లీ బిగించి, ఆ కిలోమీటరు రీడింగును గంటల మీటరు అంకె పక్కనే రిజిస్టరులో రాయండి.