ఎండలు ముదరకముందే: పీట్ నేలల్లో, మడ అడవుల్లో పనులు కలిపి నడిపేవారికి జాగ్రత్తలు

వానలు వెనకబట్టిన రోజుకీ, నేల ఎండడం మొదలయ్యే రోజుకీ మధ్య ఉండేది కొద్ది వారాలే. పీట్ నేలలనూ మడ అడవులనూ తిరిగి నిలబెట్టే ప్రాజెక్టులను సమన్వయం చేసేవాళ్లకు ఏడాది మొత్తంలో అసలు పని అప్పుడే. ఆ వారాలు చేజారితే ఇక మిగిలేది నష్టాన్ని తగ్గించుకోవడమే.

వేల ఏళ్లుగా నీటిలో నానుతూ, పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన ఆకులు, వేర్లు, కొమ్మలే పీట్. భూభాగంలో దీని వాటా 3 శాతమే అయినా, ప్రపంచంలోని అడవుల చెట్లన్నీ కలిసి దాచుకున్నదానికన్నా ఎక్కువ కార్బన్ ఇందులో ఉంది. నీళ్లు దిగిపోయాయంటే మాత్రం అది నేల కాదు, ఎండు కట్టెల మోపు. ఇండోనేషియాలో 1996లో మెగా రైస్ ప్రాజెక్టు పేరుతో సెంట్రల్ కాలిమంతాన్‌లో వేల కిలోమీటర్ల కాలువలు తవ్వారు. అనుకున్న వరి పండలేదు, నేలలోని నీరు మాత్రం పోయింది. 1997 ఎల్ నినో కరువులో ఆ పీట్ నెలల తరబడి కాలింది. 2015లో దేశంలో సుమారు 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాక, 2016 జనవరిలో పీట్ పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థ పెట్టారు. 2020 డిసెంబరులో మడ అడవుల బాధ్యత కూడా దానికే అప్పగించారు. రెండింటినీ ఒకే బల్ల మీదికి తేవడం మంచి ఆలోచనే అని నా నమ్మకం. ఈ రెండు చోట్లా చేయాల్సిన పని నీటిని సరిచేయడం, మొక్కలు ఆ తర్వాతి సంగతి.

ముందు నీటి మ్యాప్

ఉష్ణమండలంలో పీట్ చాలాచోట్ల రెండు నదుల మధ్య గుమ్మటంలా ఉబ్బి ఉంటుంది. ప్రాజెక్టులేమో ఊరి హద్దులను బట్టో, నిధులిచ్చేవారిని బట్టో ముక్కలుగా ఉంటాయి. ఒకరు కాలువకు అడ్డుకట్ట వేస్తే పక్కవాళ్ల తోట మునుగుతుంది. కింద ఇంకొకరు తమ కాలువను తెరిచే ఉంచితే పైన కట్టినవాళ్ల శ్రమ దానిలోంచే కారిపోతుంది. అందుకని సీజన్‌కు ముందే గుమ్మటం మొత్తానికి ఒకే మ్యాప్ గీయించండి. ఎవరు కట్టినదైనా ప్రతి అడ్డుకట్టకూ ఒకే వరుసలో నంబరు వేసి, దాన్ని చూసుకునే మనిషి పేరు పక్కనే రాయండి. ఎవరి పేరూ లేని కట్టే ముందు తెగుతుంది.

నీటిమట్టం కొలిచే పద్ధతి కూడా అందరికీ ఒకటే ఉండాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. ఒక టీమ్ నేలలో దింపిన కొలత గొట్టం పై అంచు నుంచి కొలుస్తుంది, ఇంకో టీమ్ నేల నుంచి కొలుస్తుంది. రెండు అంకెలూ ఒకే పట్టికలోకి ఎక్కితే ఎక్కడ ప్రమాదం ఉందో ఎవరికీ తెలియదు. పైగా పీట్ నేల ఎండేకొద్దీ కుంగుతుంది. కాబట్టి కొలిచే గొట్టం పీట్ పొరను దాటి కింద గట్టి నేలలో దిగి ఉండాలి, లోతును మాత్రం నేల పైభాగం నుంచే లెక్కించాలి. ఇండోనేషియా నిబంధనల ప్రకారం, సాగుకు వదిలిన పీట్‌లో నీరు 40 సెంటీమీటర్ల కన్నా కిందికి దిగితే ఆ నేల దెబ్బతిన్నట్టే. ఆ గీత దాకా ఆగకండి. ఎంత దిగితే ఎవరికి ఫోన్ వెళ్లాలో, ఎంత దిగితే గస్తీ మొదలవ్వాలో ముందే రాసుకోండి.

అడ్డుకట్టలను వానలు పూర్తిగా ఆగకముందే నడిచి చూడాలి. నీరు కట్ట మీద నుంచి కాకుండా పక్క ఒడ్డును కోసుకుంటూ పోతోందా? అలుగు సరిగా పారుతోందా? వరుసలో ఒక కట్టకూ తర్వాతి కట్టకూ నీటి ఎత్తులో తేడా ఎక్కువుంటే, ఆ ఒత్తిడికి అడుగు నుంచి ఊట మొదలై మొత్తం కొట్టుకుపోతుంది. ఇంకో మాట. ఆ కాలువలో పడవ మీద పంట తెచ్చుకునేవాళ్లు ఉంటే వాళ్లకు దారి వదలండి. దారి లేకపోతే గండి కొడతారు, అందులో వాళ్ల తప్పు వెతకడం న్యాయం కాదు. కట్టేముందు వాళ్లను అడగకపోవడమే తప్పు.

మడల దగ్గర తొందర వద్దు

ఇక్కడ ఎక్కువ నష్టం చేసేది ఎండ కాదు, టార్గెట్. ఏడాది చివర్లోగా నిధులు ఖర్చు కావాలి, లక్ష మొక్కల ఫొటో కావాలి. నారు వస్తుంది, ఖాళీగా కనిపించిన బురద మీద నాటేస్తారు. నిజానికి ఆ బురద ఖాళీగా ఉండడానికి కారణం ఉంది. సముద్రపు సగటు మట్టానికి కింద రోజులో ఎక్కువసేపు మునిగి ఉండే చోట మడ మొక్క ఊపిరాడక చస్తుంది. ఫిలిప్పీన్స్‌లో, శ్రీలంకలో నాటిన మడల్లో ఎక్కువ భాగం బతకకపోవడానికి పెద్ద కారణం ఇదే. సులువుగా దొరుకుతాయని పొడవాటి కాయల రైజోఫొరా జాతిని, దానికి పనికిరాని చోట గుచ్చేశారు.

నాటే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ మడ తనంతట తాను ఎందుకు మొలవడం లేదు? అవిసీనియా, సొన్నరేషియా లాంటి, ఖాళీ బురదలో ముందుగా మొలిచే మడ జాతుల విత్తనాలు పోటుతో వస్తూనే ఉంటాయి. పాత రొయ్యల చెరువు గట్టు పోటును ఆపుతుంటే, ఆ గట్టును సరైన చోట తెగ్గొట్టడమే పునరుద్ధరణ. అమెరికాలోని ఫ్లోరిడాలో మడల పునరుద్ధరణ నిపుణుడు రాబిన్ లూయిస్ దశాబ్దాల పాటు చేసి చూపింది ఇదే. నేల ఎత్తునూ పోటు దారినీ సరిచేస్తే చాలాచోట్ల నాటకుండానే అడవి వస్తుంది.

చెరువు మట్టి తవ్వేటప్పుడు ఒక జాగ్రత్త. మడల కింది బురదలో చాలాచోట్ల పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంటుంది. దాన్ని తవ్వి గాలికి ఆరబెడితే సల్ఫ్యూరిక్ ఆమ్లం తయారవుతుంది, తొలి వానకు అది కాలువలోకి దిగి చేపలను చంపుతుంది. ముందు మట్టి పరీక్ష చేయించండి, తవ్విన మట్టిని ఎండలో కుప్ప పోసి వదలకండి.

బడ్జెట్‌లో పెట్టాల్సింది నాటిన లెక్క కాదు, మూడేళ్ల తర్వాత బతికిన లెక్క. నిధులిచ్చేవారితో ఈ మాట సీజన్‌కు ముందే తేల్చుకోండి. తర్వాత అడిగితే సాకు చెబుతున్నట్టు ఉంటుంది.

మనుషుల సంగతి

పీట్ మంట మీద ఆరినట్టు కనిపించి కింద రాజుకుంటూనే ఉంటుంది. పైన గట్టిగా ఉన్న నేల కింద బొరియలా కాలిపోయి ఉండొచ్చు, కాలు దిగితే నిప్పుల్లోకే. వేర్లు కాలిన చెట్లు గాలి లేకపోయినా చడీచప్పుడు లేకుండా కూలతాయి. కర్రతో పొడిచి చూడకుండా ఎవరూ అడుగు వేయకూడదు, ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు. పొగకు గుడ్డ కట్టుకుంటే చాలదు, సన్నని ధూళిని ఆపే ఎన్‌95 మాస్కులు కావాలి. కార్బన్ మోనాక్సైడ్‌ను అవి కూడా ఆపవు కాబట్టి షిఫ్టులు చిన్నవిగా పెట్టండి. తలనొప్పి, కళ్లు తిరగడం అన్న మనిషిని వెంటనే గాలి ఆడే చోటికి పంపించండి. ఒక్క బకెట్ నీళ్లతో ఆరేది కాదిది, ఆ చోటంతా నానాలి. పంపులు, పైపులు, నీరు దొరికే బావులు అన్నీ ముందే నడిపి చూసి, చెడినవాటిని బాగుచేయించండి.

మడల్లోకి వెళ్లే టీమ్ లీడర్ జేబులో ఆ రోజు ఆటుపోట్ల వేళలు ఉండాలి. పున్నమి, అమావాస్యలకు పోటు ఎక్కువ ఎత్తుకు వస్తుంది, మోకాలి లోతు బురదలో మనిషి పరిగెత్తలేడు. పోటు తిరిగే వేళ తెలుసుకుని, దానికి గంట ముందే అందరూ గట్టెక్కేలా పని ఆపండి. నాటాల్సిన నారు ఇంకా మిగిలి ఉన్నా సరే. గట్టు మీద తలలు లెక్కపెట్టాకే పడవ కదలాలి.