కాంతితో కొలత – 4వ పాఠం: దూరం నుంచి వేగానికి

పోయిన పాఠంతో మీ ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం నడిపే చిన్న కంప్యూటరు), కాంతిని పంపి దూరం కొలిచే టీఎఫ్-లూనా సెన్సర్ నుంచి దూరం చదవడం మొదలుపెట్టింది. ఈసారి అదే దూరం నుంచి వేగం రాబడదాం. కొత్తగా కొనాల్సిందేమీ లేదు. ఒక సైకిలు, అట్ట ముక్క, సుద్దముక్క, టేపు చాలు.

సెన్సర్ సెకనుకు 100 సార్లు 9 బైట్ల (ఒక్కోటి 0 నుంచి 255 లోపు అంకె) వరస పంపుతుంది. ఒకటి విప్పి చూద్దాం: 89 89 44 1 232 3 112 9 67. మొదటి రెండు 89లు వరస మొదలైందనే గుర్తు. దూరం 44 + 1×256 = 300 సెం.మీ. తిరిగొచ్చిన వెలుగు బలం 232 + 3×256 = 1000. చివరి 67 సరిచూసుకోవడానికి: ముందున్న ఎనిమిదీ కూడితే 579, దాన్ని 256తో భాగిస్తే మిగిలేది 67. అది కలవకపోయినా, బలం 100 కంటే తక్కువున్నా, 65535 చూపినా ఆ వరసను పారేయండి.

ఇక వేగం. పక్కపక్క రీడింగులు రెండు తీసుకుని తేడాను కాలంతో భాగిస్తే సరిపోతుందనుకుంటాం. సెన్సర్‌ను గోడకేసి కదలకుండా పెట్టి చూడండి: 300, 301, 300 అని ఊగుతుంది. 10 మిల్లీసెకన్లలో 1 సెం.మీ. అంటే గంటకు 3.6 కి.మీ. గోడ నడిచి వస్తోందన్నమాట!

అందుకని 20 రీడింగులు దాచుకోండి, ఒక్కోదాని పక్కన అది వచ్చిన సమయం కూడా. మొదటి ఐదింటి సగటు, చివరి ఐదింటి సగటు తీసి తేడా కట్టండి. చాలామంది తప్పేది కాలం దగ్గర. మొదటి రీడింగు నుంచి ఇరవయ్యోదాకా 190 మిల్లీసెకన్లు కదా అని దాంతో భాగిస్తారు. కానీ ఆ సగటులు 3వ, 18వ రీడింగులకు చెందినవి. మధ్య ఉన్నది 150 మిల్లీసెకన్లే. 190తో భాగిస్తే వేగం అయిదో వంతు తగ్గిపోతుంది. సెకనుకు సెంటీమీటర్లలో వచ్చినదాన్ని 0.036తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు.

ప్రతి రీడింగునూ సీరియల్ మానిటర్‌లో (బోర్డు పంపే రాతను కంప్యూటరు మీద చూపే కిటికీ) సెకనుకు 9600 బిట్ల వేగంతో అచ్చువేయకండి. ఒక్కో రీడింగుకు 15 అక్షరాలైతే సెకనుకు 1500. అక్షరానికి 10 బిట్లు కాబట్టి ఆ దారిలో పట్టేది 960. రీడింగులు వెనకబడతాయి, సమయాలు అబద్ధమవుతాయి. 115200 పెట్టండి, లేదా పదింటికొకటి చూపండి.

పరీక్షకు సైకిలు హ్యాండిల్‌కు 40 సెం.మీ. చదరపు అట్ట కట్టి దానిమీద తెల్లగుడ్డ చుట్టండి. పొందూరు ఖద్దరు పంచె పాతదుంటే మరీ మంచిది. నున్నగా మెరవదు, వెలుగును అన్నివైపులా చిమ్ముతుంది. నల్లగొడుగు బట్ట పెడితే 8 మీటర్లదాకా కొలిచే సెన్సర్ రెండున్నర మీటర్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. అట్ట అంత పెద్దదెందుకంటే, 2 డిగ్రీల కిరణం 7 మీటర్ల దగ్గరకు పోయేసరికి 24 సెం.మీ. వెడల్పవుతుంది. అట్ట చిన్నదైతే సగం వెలుగు వెనక గోడకు తగిలి, రెంటికీ మధ్య ఎక్కడో లేని దూరం చూపిస్తుంది. శ్రీకాకుళం మిట్టమధ్యాహ్నపు ఎండలో వద్దు, సాయంత్రం నీడపట్టున చేయండి.

సుద్దతో 6 మీటర్ల దగ్గర, 2 మీటర్ల దగ్గర గీతలు గీసి, సైకిలును ఒకే వేగంతో నడిపించుకుంటూ సెన్సర్ వైపు రండి. ఆ 4 మీటర్లకు 2 సెకన్లు పడితే గంటకు 7.2 కి.మీ. ఫోను స్టాప్‌వాచ్‌తో పోల్చండి.

సెన్సర్‌ను సైకిలు దారికి 1 మీటరు పక్కన పెడితే తమాషా చూస్తారు: సైకిలు వేగం మారకపోయినా, 2 మీటర్ల గీత దగ్గరకొచ్చేసరికి లెక్కలో వచ్చే వేగం 11 శాతం తక్కువ. సెన్సర్‌కు కనబడేది తనవైపు వచ్చే వేగమే. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో బళ్లను కొలుద్దామనే సరదా ఉన్నవాళ్లు ఆగండి, 8 మీటర్లలో బండి ఇట్టే దాటిపోతుంది.

5వ పాఠానికి మూడు పరుగుల రీడింగులు రాసి ఉంచండి: దారికి ఎదురుగా ఒకటి, పక్క నుంచి రెండు. ఆ 11 శాతాన్ని లెక్కలో ఎలా సరిదిద్దాలో వాటితోనే చేస్తాం.